మధుమేహం కొత్తగా నిర్ధారణ అయిన పిల్లికి ఇంటివద్ద సంరక్షణ: అరకు, పాడేరు కొండ ప్రాంతాలకు అనువైన బోధనాంశాలు

సారాంశం

పిల్లుల్లో మధుమేహం జీవితాంతం కొనసాగే వ్యాధి కావచ్చు. సకాలంలో చక్కని నియంత్రణ లభిస్తే కొన్ని పిల్లుల్లో ఇన్సులిన్ అవసరం పూర్తిగా తొలగిపోవచ్చు. ఈ రెండింటిలో ఏది జరుగుతుందనేది చాలావరకు నిర్ధారణ తరువాతి మొదటి కొన్ని నెలల్లో ఇంటివద్ద జరిగే సంరక్షణపై ఆధారపడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ గ్రామాలకు పెద్ద వైద్యశాలలు దూరం కావడం, విద్యుత్, ఫోన్ సంకేతాలలో అంతరాయాలు, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఇంటి ఆహారం ఈ సంరక్షణను ప్రభావితం చేస్తాయి. వ్యాధి స్వభావం, ఇన్సులిన్ కొలత, నిల్వ, ఆహారం, పరిశీలన, అత్యవసర స్థితుల గురించి యజమానికి నేర్పవలసిన అంశాలను ఈ వ్యాసం క్రమబద్ధంగా వివరిస్తుంది.

కీలక పదాలు: పిల్లి, మధుమేహం, ఇన్సులిన్, యు-40 సిరంజి, గృహ సంరక్షణ, అరకు

పరిచయం

తూర్పు కనుమల గిరిజన గ్రామాల్లో పిల్లిని ప్రధానంగా చోడి, సామ, ధాన్యం నిల్వలను ఎలుకల నుండి కాపాడుకోవడానికి పెంచుతారు. రోజంతా తిరుగుతూ, వేటాడి తినే ఇటువంటి పిల్లులలో మధుమేహం అరుదు. అయితే అరకు, పాడేరు, చింతపల్లి వంటి కేంద్రాల్లో ఉద్యోగుల, వ్యాపారుల, పర్యాటక వసతి గృహాల నిర్వాహకుల ఇళ్లలో పిల్లి పెంపుడు జంతువుగా మారింది. ఇంటి లోపలే ఉండి, అన్నం, పాలు, బిస్కెట్లు తింటూ, శస్త్రచికిత్స ద్వారా సంతానోత్పత్తి నిరోధం జరిగి, వయసు పైబడి, బరువు పెరిగిన పిల్లి ఈ వ్యాధికి అనువైన జీవి. ఇతర దేశాల్లో నమోదైన వివరాల ప్రకారం పెంపుడు పిల్లుల్లో సుమారు 0.2 నుండి 1 శాతం వరకు ఈ వ్యాధికి గురవుతాయి. మగ పిల్లులలో, నడివయసు దాటిన వాటిలో ఇది ఎక్కువ.

అరకు నుండి విశాఖపట్నానికి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్ల ప్రయాణం. ప్రతి చిన్న సందేహానికీ పిల్లిని బుట్టలో పెట్టుకుని కొండ దిగడం సాధ్యం కాదు. కనుక చికిత్సలో అధిక భాగం ఇంటివద్దనే జరగాలి. ఇందుకు యజమానిని సిద్ధం చేయడం పశువైద్యునితో పాటు విస్తరణ శాస్త్రవేత్త, గ్రామస్థాయి పశుసంవర్ధక సహాయకుని బాధ్యత కూడా.

వ్యాధి స్వభావం

కుక్కల్లో మధుమేహం సాధారణంగా క్లోమంలోని బీటా కణాలు నశించి, ఇన్సులిన్ దాదాపు లేకపోవడం వల్ల వస్తుంది. పిల్లుల్లో వచ్చేది మనుషుల రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. మొదట శరీర కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. ఈ నిరోధకతను అధిగమించడానికి బీటా కణాలు అధికంగా పనిచేసి క్రమంగా అలసిపోతాయి. క్లోమ ద్వీపికలలో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకుపోవడం కూడా పిల్లుల్లో తరచుగా కనిపిస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం అధికంగా ఉంటే, ఆ చక్కెరే మిగిలిన బీటా కణాలను దెబ్బతీస్తుంది. అందువల్ల చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది. తొలి వారాల శ్రమకు విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

కార్టికోస్టిరాయిడ్ ఇంజెక్షన్లు, క్లోమ శోథ, పిట్యూటరీ గ్రంథి నుండి పెరుగుదల హార్మోను అధికంగా విడుదల కావడం కూడా మధుమేహానికి దారితీయవచ్చు. దురదకు, గాయాలకు అర్హత లేనివారు ఇచ్చిన డెక్సామెథసోన్ వంటి మందుల చరిత్రను తప్పక అడిగి తెలుసుకోవాలి. కారణమైన మందును వైద్యుని సలహాతో ఆపినప్పుడు వ్యాధి నియంత్రణ సులభమవుతుంది.

లక్షణాలు, నిర్ధారణ

పిల్లిలో రక్తంలోని చక్కెర డెసిలీటరుకు సుమారు 250 నుండి 290 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దానిని పూర్తిగా తిరిగి పీల్చుకోలేవు. చక్కెర మూత్రంలోకి పోతూ నీటిని కూడా తీసుకుపోతుంది. ఫలితంగా అధిక మూత్రం, అధిక దాహం, ఆకలి బాగా ఉన్నప్పటికీ బరువు తగ్గడం కనిపిస్తాయి. కొన్ని పిల్లులు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. ఇది అధిక చక్కెర వల్ల నరాలు దెబ్బతిన్నదనడానికి గుర్తు.

పల్లెల్లో పిల్లి బూడిద కుప్పలోనో, మెత్తటి మట్టిలోనో మూత్రం పోసి కప్పివేస్తుంది. అందువల్ల మూత్రం పెరిగిన సంగతి ఇంటివారికి ఆలస్యంగా తెలుస్తుంది. మూత్రానికి చీమలు పట్టడం, బూడిదలో తడి ముద్దలు పెద్దవి కావడం, పిల్లి మాటిమాటికీ నీళ్ల గిన్నె దగ్గరకు పోవడం వంటివి గమనించమని చెప్పాలి. 4 కిలోల పిల్లి రోజుకు 400 మిల్లీలీటర్లకు మించి, అనగా కిలోకు 100 మిల్లీలీటర్లకు మించి నీరు తాగితే అది స్పష్టంగా అసాధారణం. మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధి, థైరాయిడ్ అధిక స్రావం కూడా ఇవే లక్షణాలను చూపగలవు.

భయపడిన పిల్లి రక్తంలో చక్కెర తాత్కాలికంగా 300 మిల్లీగ్రాములు దాటవచ్చు. ఘాట్ రోడ్డులో మూడు, నాలుగు గంటలు ప్రయాణించి వచ్చిన పిల్లికి ఒక్క రక్తపరీక్షతో మధుమేహమని తేల్చడం సరికాదు. లక్షణాలతో పాటు మూత్రంలో చక్కెర, వీలైతే గత ఒకటి నుండి మూడు వారాల సగటు స్థితిని తెలిపే ఫ్రక్టోజమైన్ పరీక్ష కూడా అవసరం. మూత్రంలో కీటోన్లను అదే సమయంలో పరీక్షించాలి.

ఇన్సులిన్: కొలతలో జాగ్రత్త

చాలా పిల్లులకు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల వ్యవధిలో ఇన్సులిన్ ఇవ్వాలి. గ్లార్జిన్, ప్రోటమిన్ జింక్ ఇన్సులిన్, లెంటె రకాలు వాడుకలో ఉన్నాయి. ఆరంభ మోతాదు సాధారణంగా శరీర బరువులో కిలోకు 0.25 నుండి 0.5 యూనిట్ల మధ్య ఉంటుంది; ఆచరణలో అనేక పిల్లులకు పూటకు 1 యూనిట్‌తో ప్రారంభిస్తారు. మోతాదు నిర్ణయం పశువైద్యునిదే. హైపోగ్లైసీమియా వస్తే తప్ప మొదటి 5 నుండి 7 రోజులలో మోతాదును మార్చరు. పిల్లి శరీరం కొత్త స్థితికి అలవాటు పడటానికి ఆ వ్యవధి అవసరం.

మన దేశంలో ప్రాణాపాయం కలిగించగల పొరపాటు ఇక్కడే ఉంది. ఔషధ దుకాణాలలో రెండు సాంద్రతల ఇన్సులిన్ లభిస్తుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే యు-40, మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే యు-100. వీటికి వేర్వేరు సిరంజిలు ఉన్నాయి. యు-40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, యు-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. సిరంజి మీది గీత ద్రవ పరిమాణాన్ని మాత్రమే కొలుస్తుంది. సీసాలోని సాంద్రత దానికి తెలియదు.

ఉదాహరణకు, యు-40 సిరంజిలో 1 వ గీత వరకు పట్టే ద్రవం 0.025 మిల్లీలీటరు. అందులో యు-100 ఇన్సులిన్ తీస్తే 2.5 యూనిట్లు వస్తాయి. వైద్యుడు చెప్పిన 1 యూనిట్‌కు బదులు పిల్లికి రెండున్నర రెట్లు మందు చేరుతుంది. దీనికి విరుద్ధంగా, యు-100 సిరంజిలో 1 వ గీత వరకు 0.01 మిల్లీలీటరే పడుతుంది. అందులో యు-40 ఇన్సులిన్ తీస్తే కేవలం 0.4 యూనిట్ వస్తుంది, చికిత్స విఫలమవుతుంది. మందుల చీటీలో ఇన్సులిన్ పేరు, సాంద్రత, సిరంజి రకం మూడూ స్పష్టంగా రాయాలి. వారపు సంతకు వెళ్లినప్పుడు కొత్త సిరంజిలు కొనే యజమాని పాత సిరంజి ఖాళీ కవరును వెంట తీసుకుపోవడం మంచి అలవాటు. ఇంట్లో మరొకరికి మధుమేహం ఉండి ఇన్సులిన్ వాడుతుంటే, పిల్లి మందును వేరే డబ్బాలో, పిల్లి బొమ్మ గుర్తుతో ఉంచాలి.

సూది వేసే విధానం

ఇన్సులిన్‌ను చర్మం కింద ఇవ్వాలి. మెడ వెనుక వదులు చర్మం కన్నా, పక్కటెముకల పక్క, పొట్ట పక్క భాగాలలో మందు బాగా గ్రహించబడుతుంది. పిల్లి తింటున్నప్పుడు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, దాని అడుగు భాగంలో సూదిని సుమారు 45 డిగ్రీల వాలుగా పెట్టి మందును నెట్టాలి. సూది చర్మానికి అవతలి వైపు బయటకు రాలేదని వేలితో తడిమి చూడాలి. ప్రతిసారీ స్థానాన్ని మార్చాలి. ప్రతిసారీ కొత్త సూది వాడడం ఉత్తమం. వాడిన సూదులను మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, ఆసుపత్రి వ్యర్థాలతో తొలగించేందుకు ఇవ్వాలి. పెరట్లోనో, కాఫీ తోటలోనో పారవేయరాదు.

బొచ్చు తడిసి, మందు లోపలికి పోయిందో లేదో తెలియకపోతే రెండవ మోతాదు ఇవ్వరాదు. ఒక పూట మందు తప్పితే వచ్చే నష్టం స్వల్పం. రెండు మోతాదులు చేరితే వచ్చే నష్టం పెద్దది. ఈ ఒక్క సూత్రాన్ని యజమాని నోటితో తిరిగి చెప్పించాలి.

కొండ ప్రాంతంలో ఇన్సులిన్ నిల్వ

తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వచేయాలి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో దానిని తలుపు అరలోనో, కింది అరలోనో ఉంచాలి. మంచు గడ్డకట్టే పెట్టెకు ఆనించరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత మామూలుగా కనిపించినా పనికిరాదు. కొండల మీద వాతావరణం చల్లగా ఉంటుంది కనుక ఏర్పాట్లు అనవసరమని భావించరాదు. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నప్పటికీ వేసవి మధ్యాహ్నాలలో రేకుల ఇళ్ల లోపల వేడి గణనీయంగా పెరుగుతుంది.

ఫ్రిజ్ లేనిచోట, వాడుకలో ఉన్న సీసాను గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక నింపిన పెద్ద మట్టి కుండలో నీడ ఉన్న మూలన ఉంచవచ్చు. కుండ గోడల నుండి నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడి తగ్గుతుంది. పొడి వేసవిలో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ నిండిన వర్షాకాలంలో దీని ఫలితం తక్కువ. పొయ్యి పక్క గూడు, కిటికీ ఎండ, వాహనం ముందు అర ఇన్సులిన్‌కు తగినవి కావు. సీసా తెరిచిన తేదీని దాని మీద రాసి, తయారీదారు సూచించిన గడువు తరువాత పారవేయాలి. విశాఖపట్నం నుండి కొని తెచ్చేటప్పుడు మంచు పలకకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తేవాలి.

ఆహారం

పిల్లి సహజంగా మాంసాహారి. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ లేదు. కాలేయంలో గ్లూకోజ్‌ను త్వరగా వినియోగించే గ్లూకోకైనేజ్ చర్య అతి స్వల్పం. అందువల్ల అధిక ప్రోటీను, అతి తక్కువ పిండిపదార్థం ఉన్న ఆహారం దీని చికిత్సలో ముఖ్యభాగం. ఆహారంలోని శక్తిలో పిండిపదార్థాల వాటా సుమారు 12 శాతానికి లోపల ఉండాలన్నది సాధారణ లక్ష్యం.

ఇక్కడ ఒక అపోహను ప్రత్యేకంగా తొలగించాలి. మధుమేహం ఉన్న మనుషులకు అన్నం తగ్గించి చోడి, సామ తినమని సలహా ఇవ్వడం గిరిజన ప్రాంతాల్లో అందరికీ తెలుసు. అదే సలహాను పిల్లికి అన్వయించి చోడి అంబలి పోయడం తప్పు. చోడిలో కూడా సుమారు 70 శాతం పిండిపదార్థమే. మనిషికి మేలు చేసే చిరుధాన్యం పిల్లికి అన్నం కన్నా మెరుగైనది కాదు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. ఎదిగిన పిల్లులు చాలావరకు దానిని సరిగా జీర్ణించుకోలేవు.

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు, ముళ్లు తీసిన చేప తగినవి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి కనుక కూరలోని ముక్కలను కడిగి పెట్టడం కూడా సురక్షితం కాదు. సంతలో దొరికే ఎండు చేపల్లో ఉప్పు అధికం. పచ్చి చేపలను ఎక్కువగా పెడితే వాటిలోని ఒక ఎంజైము థయామిన్ విటమిన్‌ను నాశనం చేయవచ్చు. ఎముకలు లేని మాంసం ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం లోపిస్తుంది; కాలేయం రోజూ పెడితే విటమిన్-ఎ అధికమవుతుంది. కనుక దీర్ఘకాలానికి సమతుల్యమైన తడి ఆహారపు ప్యాకెట్లు లేదా వైద్యుడు రూపొందించిన ఇంటి ఆహారం అవసరం.

లావుగా ఉన్న పిల్లి బరువును వారానికి 0.5 నుండి 1 శాతం చొప్పున తగ్గించాలి. 6 కిలోల పిల్లికి ఇది 30 నుండి 60 గ్రాములు. ఒక్కసారిగా మాడ్చితే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది. పిండిపదార్థాలు తగ్గించినప్పుడు ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది. కాబట్టి ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లి ఆహారాన్ని వైద్యునికి తెలపకుండా అకస్మాత్తుగా మార్చరాదు.

మాత్రలు, వనమూలికలు

ఇంట్లో మనుషులు వాడే చక్కెర మాత్రలను పిల్లికి ఇవ్వరాదు. గ్లిమెపిరైడ్ వంటివి చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలవు. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి మందులకు పిల్లుల కోసం అనుమతి లభించింది. ఇవి చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అయితే ఇవి తగిన పిల్లులను ఎంచి, కీటోన్లను క్రమంగా పరీక్షిస్తూ వాడవలసినవి. రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తున్నప్పుడే కీటోఅసిడోసిస్ రావడం వీటితో ఉన్న ప్రత్యేక ప్రమాదం.

తూర్పు కనుమల అడవుల్లో లభించే పొడపత్రిని మధుమేహానికి వాడటం సంప్రదాయం. ఈ విజ్ఞానాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ పిల్లి కాలేయం అనేక మొక్కల రసాయనాలను మనిషి కాలేయంలా విరిచివేయలేదు. పొడపత్రి ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయమని పిల్లుల్లో రుజువు కాలేదు. మూలిక ఇచ్చారా అని అడిగేటప్పుడు మందలింపు ధ్వని ఉంటే యజమాని దాచిపెడతాడు. దాచిన మూలిక ఇన్సులిన్ మోతాదు లెక్కను తప్పిస్తుంది.

ఇంటివద్ద పరిశీలన

ఒక నోటు పుస్తకంలో రోజూ ఐదు అంశాలు రాయించాలి: తిన్నదా, ఎంత నీరు తాగింది, మూత్రపు ముద్దలు ఎన్ని, ఇన్సులిన్ ఏ సమయంలో ఎన్ని యూనిట్లు, నడక, చురుకుదనం ఎలా ఉన్నాయి. వారానికోసారి సంచిలో కూర్చోబెట్టి కాటాతో బరువు తూయాలి. చదవడం రానివారికి గీతలు, బొమ్మల పట్టిక సరిపోతుంది.

గ్లూకోమీటర్ వాడగల ఇంట్లో చెవి అంచును వెచ్చని గుడ్డతో అద్ది, సన్నని సూదితో గుచ్చి వచ్చిన చుక్కను పరీక్షించవచ్చు. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో అసలు విలువ కన్నా సాధారణంగా తక్కువ చూపుతుందని గుర్తుంచుకోవాలి. 12 గంటల పాటు రెండేసి గంటలకోసారి తీసిన విలువలను వైద్యునికి ఫోనులో పంపితే, భయం ప్రభావం లేని నిజమైన చిత్రం లభిస్తుంది. రోజులో అధిక భాగం 80 నుండి 300 మిల్లీగ్రాముల మధ్య ఉండి, దాహం తగ్గి, బరువు నిలకడగా ఉంటే నియంత్రణ బాగున్నట్లే. అంకెలను చూసి ఇంటివారు తమంతట మోతాదు పెంచరాదు.

అత్యవసర స్థితులు

చక్కెర పడిపోవడం: డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే నీరసం, తూలడం, వణుకు, అర్థంలేని అరుపులు, చివరకు మూర్ఛ రావచ్చు. స్పృహలో ఉండి మింగగల పిల్లికి వెంటనే ఆహారం పెట్టాలి. తినలేకపోతే తేనెనో, గ్లూకోజ్ నీళ్లనో వేలితో చిగుళ్ల మీద పూయాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ విక్రయించే తేనె ఈ ప్రాంతంలో సులభంగా దొరుకుతుంది. చిన్న సీసా ఇన్సులిన్ పక్కనే ఉండాలి. మూర్ఛలో ఉన్న పిల్లి నోట్లో ద్రవం పోయరాదు, పళ్ల మధ్య వేలు పెట్టరాదు. కోలుకున్నట్లు కనిపించినా, వైద్యుని సంప్రదించకుండా తరువాతి మోతాదు ఇవ్వరాదు.

కీటోఅసిడోసిస్: తిండి మానడం, వాంతులు, తీవ్ర నీరసం, శరీరంలో నీరు తగ్గడం, శ్వాసలో మాగిన పండు లేదా గోళ్లరంగు తుడిచే ద్రవం వంటి వాసన దీని గుర్తులు. ఇది ఇంటివద్ద నయం చేయగల స్థితి కాదు. సెలైన్, ఆసుపత్రి పర్యవేక్షణ తప్పనిసరి. రాష్ట్రంలో సంచార పశువైద్య సేవలకు 1962 నంబరును సంప్రదించవచ్చు.

పిల్లి ఒక పూట తినకపోతే ఏమి చేయాలో ముందే నిర్ణయించి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోను సంకేతాలు అందని గ్రామాల్లో ఆ కాగితమే వైద్యుడు.

ఉపశమన దశ

చక్కని నియంత్రణ లభించిన పిల్లులలో గణనీయమైన భాగం, తరచుగా మొదటి నెలల్లోనే, ఇన్సులిన్ లేకుండా సాధారణ చక్కెరను నిలుపుకోగలుగుతుంది. ఇది ఆశ కలిగించే విషయమే గాని, ఆ దశలోనే ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. శరీరం తిరిగి ఇన్సులిన్ తయారుచేస్తుండగా పాత మోతాదునే కొనసాగిస్తే చక్కెర పడిపోతుంది. నీరు తాగడం బాగా తగ్గి, బరువు పెరుగుతున్న వారాల్లో పరిశీలనను సడలించక మరింత పెంచాలి. ఉపశమనం పొందిన పిల్లికి వ్యాధి తిరిగి రావచ్చు కనుక ఆహార నియమాన్ని కొనసాగించాలి, స్టిరాయిడ్లను నివారించాలి.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

1. నిర్ధారణ రోజున అన్నీ చెప్పరాదు. మొదటిరోజు సూది, కొలత, చక్కెర పడిపోయే గుర్తులు చాలు. వారంలోపు ఆహారం, నిల్వ. నెలలోపు గ్లూకోమీటర్, బరువు పట్టిక నేర్పవచ్చు.

2. చూపి నేర్పాలి. సెలైన్ నింపిన సిరంజితో అరటిపండు మీద యజమాని చేత కనీసం ఐదుసార్లు చేయించి, సరైన గీత దగ్గర ఆపగలుగుతున్నారో చూడాలి.

3. ఇంట్లో ఇద్దరికి నేర్పాలి. పొలం పని, కాఫీ కోత, ప్రయాణాల రోజుల్లో ఒకరు లేకపోయినా చికిత్స ఆగకూడదు.

4. తెలుగు సరిగా రాని కుటుంబాలకు ఆదివాసీ ఒడియా, కువి భాషలు తెలిసినవారి సాయంతో వివరించాలి.

5. నెలకు అయ్యే ఖర్చును మొదటే నిజాయితీగా చెప్పాలి. రోజుకు రెండు సూదులు, స్ట్రిప్పులు, మాంసాహారం ఒక పేద కుటుంబానికి భారమే. భరించలేని కుటుంబానికి ఆహార మార్పు, రోజువారీ లక్షణాల పట్టికతో కూడిన సరళమైన పద్ధతిని వైద్యుడు రూపొందించవచ్చు. ఖర్చు సంగతి దాచి ప్రారంభించిన చికిత్స మధ్యలో ఆగితే పిల్లికి బాధ ఎక్కువ.

ముగింపు

పిల్లి మధుమేహం ఇంటివద్ద నిర్వహించదగిన వ్యాధి. సరైన సాంద్రతకు సరైన సిరంజి, పిండిపదార్థం లేని ఆహారం, పాడుకాని ఇన్సులిన్, ఐదు అంశాల నోటు పుస్తకం, చేతికందే తేనె సీసా ఉన్నప్పుడు విశాఖపట్నంలో సాధ్యమయ్యే సంరక్షణ కొండ గ్రామంలోనూ సాధ్యమే. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన గరివిడి కళాశాల విద్యార్థులు ఉత్తరాంధ్ర క్షేత్ర శిక్షణలో ఈ బోధనను అభ్యాసంగా చేపట్టవచ్చు. ఒక యజమానికి యు-40, యు-100 తేడా చెప్పగలిగిన విద్యార్థి, అదే ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవారికి కూడా మేలు చేసినవాడవుతాడు.